దుబాయ్ బ్రంచ్‌లో విజయనగరం అమ్మాయి

ప్రశ్న: నా వయసు 29. మాది విజయనగరం. చిన్నప్పుడు మ్యూజిక్ కాలేజీలో వయొలిన్ నేర్చుకున్నాను, ఇంటర్‌తో ఆగిపోయింది. ఇప్పుడు దుబాయ్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. అద్దె తక్కువని షార్జాలో అల్ నహ్దా వైపు ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉంటున్నాను. మా ఆఫీసులో ఫిలిప్పీన్స్, లెబనాన్, ఇంగ్లండ్ వాళ్ళు ఉన్నారు. శనివారాలు హోటల్లో బ్రంచ్‌కి, అంటే బ్యాండ్ వింటూ మధ్యాహ్నమంతా సాగే విందు భోజనానికి, వెళ్తూ నన్నూ తీసుకెళ్తారు. అక్కడ జాజ్ బ్యాండ్ వాయిస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. మొదట్లో జ్యూస్‌తో సరిపెట్టాను. పోయిన నెల ఒక కాక్‌టెయిల్ తాగాను, తర్వాత రెండోది కూడా. ఆ రోజు తీసిన ఫోటో స్టేటస్‌లో పెడితే మా పిన్ని చూసి అమ్మకి చూపించింది. అమ్మ "ఏటమ్మా ఆ గ్లాసులు?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. అప్పటినుంచి ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఊళ్ళో ఇంటి లోన్ నేనే కడుతున్నాను కాబట్టి బ్రంచ్ ఖర్చూ గుచ్చుకుంటోంది. అసలు వెళ్ళడం మానెయ్యాలా? మానేస్తే ఆఫీసులో ఒంటరిదాన్ని అయిపోతానని భయం. తాగకుండా వాళ్ళ మధ్య కూర్చోవడం ఎలా? అమ్మకి ఏం చెప్పాలి?

– పేరు వద్దు, షార్జా

సమాధానం: ఇంత ఉత్తరంలో బ్యాండ్ గురించి ఒక్క వాక్యమే రాశారు. మిగతాదంతా గ్లాసు, డబ్బు, పిన్ని. నాకు ఆ ఒక్క వాక్యమే ముఖ్యం అనిపించింది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

హోటల్‌వాళ్ళు సంగీతం, తిండి, మందు మూడూ ఒకే ధరలో కట్టి అమ్ముతున్నారు. దాంతో మీరు కూడా మూడింటినీ ఒకటే అనుకుంటున్నారు. వెళ్తే తాగాలి, తాగకపోతే వెళ్ళడం మానాలి అన్నట్టు రాశారు. ఆ కట్ట విప్పుకుంటే మీ ప్రశ్నల్లో సగం ఉండవు. మీకు కావలసింది బ్యాండ్. తిండి ఎలాగూ తింటారు. మందు సంగతి విడిగా తేల్చుకోవచ్చు.

మానెయ్యమని నేను చెప్పను. వారమంతా లెక్కల్లో కూర్చుని, ముగ్గురు పంచుకునే ఫ్లాట్‌లో పడుకునే మనిషికి ఎదురుగా మనుషులు కూర్చుని వాయిస్తున్న సంగీతం దొరకడం చిన్న విషయం కాదు. పైగా మీరు ఏ ఊరినుంచి వెళ్ళారో గుర్తు చేసుకోండి. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టిన ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యుడై, తర్వాత ప్రిన్సిపాల్ అయిన ఊరు, ఘంటసాల చదువుకున్న ఊరు. మీ చెవికి అక్కడ కొంత సాధన జరిగింది. జాజ్ వినగానే ప్రాణం లేచి రావడానికి అదే కారణం కావచ్చు. ఆ చెవిని ఇంకాస్త వాడుకుంటే శనివారం విలువ పెరుగుతుంది.

ఈసారి వెళ్ళినప్పుడు ఇలా వినండి. ముందు అందరూ కలిసి పాట ఎత్తుకుంటారు. తర్వాత సాక్సోఫోన్ ఒకసారి, పియానో ఒకసారి, ఒక్కోసారి బేస్ (మంద్రంగా మోగే పెద్ద తీగవాయిద్యం), అదే పాట చుట్టు మీద ఎవరికి తోచింది వాళ్ళు అల్లుకుంటూ పోతారు. చివర మళ్ళీ అందరూ పాట మీదికి వస్తారు. పల్లవి పట్టుకుని, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు వేసి ఎత్తుగడకి చేరడం మీకు తెలిసిన పనే. జాజ్‌వాళ్ళు వాయించే పాత పాటల్లో చాలావాటి చుట్టు 32 బార్లు. బారంటే ఇక్కడ వాళ్ళ తాళంలో ఒక చిన్న భాగం, బారుకి నాలుగు దెబ్బలు. రెండు బార్లు కలిస్తే ఎనిమిది దెబ్బల ఆదితాళ ఆవర్తనం ఒకటి, అంటే చుట్టు పూర్తయ్యేసరికి పదహారు ఆవర్తనాలు. బ్లూస్ రకం పాట అయితే సాధారణంగా 12 బార్లే, ఆరు ఆవర్తనాలు. మనసులో లెక్కపెట్టుకోండి. సోలో వాయించేవాడు ఎంత దూరం పోయినా చుట్టు మొదటికి ఎలా దిగుతున్నాడో పట్టుబడుతుంది. అది పట్టుబడిన రోజు మీరు కుర్చీలో ఊరికే కూర్చోలేరు.

చేత్తో తాళం మాత్రం వెయ్యకండి, తికమక పడతారు. మనం సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, బరువు వేస్తాం. వాళ్ళు రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా వేస్తారు. ఇంకో తేడా కూడా ఉంది. మన తంబూరా మొదటినుంచి చివరిదాకా ఒకే షడ్జాన్ని పలుకుతుంది. అక్కడ కింది ఆధారం బారు బారుకీ మారుతుంటుంది కాబట్టి ఒకే స్వరం ఒకచోట హాయిగా, ఇంకోచోట కొంచెం పులుపుగా వినిపిస్తుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో చెప్పేది వెనకాల నిలబడి ఆ పెద్ద బేస్ వాయించే మనిషి. ఒక పాట మొత్తం సాక్సోఫోన్‌ని వదిలేసి ఆయన్నే వినండి. డ్రమ్స్ వాయించేవాడూ మిగతావాళ్ళూ నాలుగేసి బార్లు పంచుకుని ఒకరికొకరు జవాబు చెప్పుకునే ఘట్టం వస్తే వదులుకోవద్దు. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టంలో, మృదంగం, ఘటం వంతులు వేసుకోవడం విన్నవాళ్ళకి అది వెంటనే అందుతుంది. సోలో అయ్యాక పాట మధ్యలోనే చప్పట్లు కొట్టడం అక్కడ మర్యాద, మొహమాటపడకండి.

వయొలిన్ అయితే మీకు మరీ దగ్గరి దారి. ఆ వాయిద్యమే పడమటినుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. తిరుగు ప్రయాణం కూడా జరిగింది. 1970ల్లో గిటారిస్టు జాన్ మెక్‌లాక్లిన్, జాకిర్ హుస్సేన్ కలిసి శక్తి అనే బృందం కట్టినప్పుడు అందులో వయొలిన్ ఎల్.శంకర్‌ది, ఘటం విక్కు వినాయక్‌రామ్‌ది. ఎల్.సుబ్రహ్మణ్యం ఫ్రాన్స్ జాజ్ వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి వాయించారు. గ్రాపెల్లిని వెతికి వినండి. స్వరాన్ని ఊపే మన గమకం ఉండదు, కానీ విల్లు నడక చూస్తే మీ చెయ్యి దురద పెడుతుంది. షార్జా, దుబాయ్‌లలో కర్ణాటక సంగీతం నేర్పేవాళ్ళు ఉన్నారు, సెలవుకి వచ్చినప్పుడు వయొలిన్ పట్టుకెళ్ళడం కూడా ఆలోచించండి.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. రెండు కాక్‌టెయిల్స్ తాగిన రోజు బ్యాండ్ ఏం వాయించింది? మీరు రాయలేదు. గుర్తులేదేమోనని నా అనుమానం. పదహారు ఆవర్తనాల లెక్క రెండో గ్లాసు తర్వాత నిలవదు. తాగితే సంగీతం బాగుంటుందని చాలామంది అంటారు. బాగున్నట్టు అనిపిస్తుంది, అంతవరకు నిజమే. కానీ వినే పని మాత్రం చెవి వదిలేస్తుంది. మీకు మందు మీద నేను చెప్పగల మాటల్లో ఇదే గట్టిది. నీతులు మీరు ఇంట్లో చాలానే విని ఉంటారు.

అయినా తాగాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. తేల్చుకునేముందు గ్లాసులో ఏముందో తెలుసుకోండి. కాక్‌టెయిల్‌తో చిక్కు దాని తీపి, అందులో మందు ఎంతుందో తెలియనివ్వదు. 30 మి.లీ. పెగ్గుని మన కాలేయం వదిలించుకోవడానికి సుమారు గంట పడుతుంది. ఒక కాక్‌టెయిల్‌లో మామూలుగా పెగ్గున్నర నుంచి రెండు పెగ్గులు ఉంటాయి. అంటే రెండు గ్లాసుల లెక్క మూడు నాలుగు గంటలు, అంటే బ్రంచ్ అయిపోయినా ఇంకా ఒంట్లోనే ఉంటుంది. లాంగ్ ఐలండ్ ఐస్‌డ్ టీ అని పేరు చూసి తెప్పించుకుంటారు కొందరు. అందులో టీ చుక్క ఉండదు, వోడ్కా, రమ్, జిన్, టెకీలా, ట్రిపుల్ సెక్ ఉంటాయి. ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే బరువున్న మగవాడికన్నా ఆడవాళ్ళకి త్వరగా ఎక్కుతుంది. కడుపునిండా తింటే ఎక్కడం ఆలస్యమవుతుంది గానీ ఆగదు. ఆరోగ్యానికి ఇంతవరకు పరవాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. ఇంత విన్నాక కూడా ఒకటి రుచి చూడాలనిపిస్తే తిన్న తర్వాత, విడిగా డబ్బిచ్చి ఒక్కటి తెప్పించుకోండి. 'ఎంతైనా తాగొచ్చు' ప్యాకేజీ మాత్రం మీకు పనికిరాదు. ముందే డబ్బు కట్టాక గిట్టుబాటు చేసుకోవాలన్న బుద్ధి ఎవరికైనా పుడుతుంది. లెక్కలు చూసేవాళ్ళకి ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి మీరు తేలిగ్గా తీసుకున్నట్టున్నారు. మీరు ఉండేది షార్జాలో. దుబాయ్‌లో లైసెన్సున్న హోటల్లో 21 ఏళ్ళు నిండినవాళ్ళు తాగొచ్చు. షార్జాలో మద్యం అమ్మకమూ లేదు, తాగడమూ కుదరదు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక రోడ్డు. బహిరంగంగా తూలుతూ కనిపిస్తే దుబాయ్‌లోనే నేరం, ఇక ఆ ఒంటితో షార్జాలో దిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. వీసా, ఉద్యోగం, ఊళ్ళో లోన్ అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్న మనిషి మీరు. మెట్రో షార్జా దాకా రాదు. టాక్సీకి సరిహద్దు దాటినందుకు 20 దిర్హాములు అదనం పడుతుంది, ఆ ఖర్చూ బ్రంచ్ లెక్కలోకే వేసుకోండి. తాగినవాళ్ళ కారు ఎక్కకండి, అది మీ టీమ్ లీడర్ కారైనా సరే. అక్కడ తాగి నడపడానికి ఇంత వరకు పరవాలేదనే హద్దే లేదు, ఒక్క గుటక తాగినా తప్పే.

ఫోటోల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పక్కవాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ ఫోటో తీసి బయట పెట్టడం యు.ఏ.ఇ.లో చట్టప్రకారం నేరం. పిన్ని భయం ఒక్కటే అనుకోకండి, పక్క టేబుల్ వాళ్ళు ఫ్రేములో పడ్డా ఇబ్బందే.

తాగకుండా కూర్చోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు. బుక్ చేసేటప్పుడే సాఫ్ట్ ప్యాకేజీ, అంటే మందు లేనిది, అని చెప్పించండి, మందు ప్యాకేజీ కన్నా బాగా తక్కువ. "నేను తాగను, మ్యూజిక్ కోసం వచ్చాను" అంటే చాలు. ఉపవాసమనో, మాత్రలు వేసుకుంటున్నాననో కారణాలు చెప్పకండి, కారణం చెప్తే దాన్ని కొట్టిపారెయ్యడానికి ఎవరో ఒకరు తయారవుతారు. చేతిలో పుదీనా, నిమ్మరసం, సోడా కలిపిన మోహిటో ఉంటే ఎవరూ పట్టించుకోరు. రమ్ వెయ్యొద్దని మీ నోటితో మీరే వెయిటర్‌కి చెప్పండి, ఇంకొకరి చేత చెప్పించకండి. లేచి వెళ్ళాల్సి వస్తే వచ్చాక ఆ గ్లాసు వదిలేసి కొత్తది తెప్పించుకోండి. అయినా పదే పదే బలవంతం చేసేవాళ్ళుంటే, అది స్నేహం లెక్కలో వెయ్యాలో లేదో మీరే చూసుకోండి.

వెళ్ళే వేళ కూడా ముఖ్యం. బ్రంచ్ మామూలుగా ఒంటిగంటకు మొదలై నాలుగు దాకా ఉంటుంది. మొదటి గంటలో జనం ప్లేట్ల దగ్గర ఉంటారు, బ్యాండ్ నిదానంగా, వాళ్ళకి ఇష్టమైనవి వాయించుకుంటుంది. మూడు దాటాక అరుపులు, ఆ తర్వాత డీజే. నాకు జాజ్ ఎంత ఇష్టమో డీజే అంటే అంత భయం. సరిగ్గా తలుపులు తెరిచే వేళకి వెళ్ళి బ్యాండుకి దగ్గరగా కూర్చోండి, మూడింటికి లేచి వచ్చెయ్యండి. విరామంలో వాయించేవాళ్ళని పలకరించండి. ఆ హోటల్ బ్యాండ్లలో ఫిలిప్పీన్స్ వాళ్ళు చాలామంది ఉంటారు, మీలాగే ఇంటికి డబ్బు పంపుకునేవాళ్ళు. మీ పక్క సీటు ఫిలిప్పీన్స్ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తే మాట తేలిగ్గా కలుస్తుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. ఎంతైనా తినొచ్చన్నారని అన్నీ వడ్డించుకుంటే రెండో సోలో సమయానికి నిద్రొస్తుంది. పంది మాంసం ఉన్న వంటకాలకి విడిగా బోర్డు పెడతారు. మాంసమే తిననివాళ్ళయితే సూపు, సాసుల్లో ఏం పడిందో అడగాలి, అడిగితే చెప్తారు.

డబ్బు మాటకొస్తే, మనిషికి 200 దిర్హాముల నుంచి 500 దాకా పెట్టించే చోట్లు ఉన్నాయి. దిర్హాముకి ఇరవై రూపాయలు పైమాటే కదా. ప్రతి శనివారం అంటే ఊళ్ళో లోన్ వాయిదాలో మంచి ముక్క పోతుంది. గుచ్చుకోవడం సబబే. నెలకి ఒక బ్రంచ్ పెట్టుకోండి, అదీ సాఫ్ట్ ప్యాకేజీతో. మిగతా వారాల్లో సంగీతం కావాలనిపిస్తే ప్యాకేజీ లేకుండా తాగినదానికి మాత్రమే బిల్లు వేసే చోట్లు సాయంత్రాలు ఉంటాయి, ఒక లైమ్ సోడాతో బ్యాండ్ రెండు విడతలు వినొచ్చు. 2016లో తెరిచిన దుబాయ్ ఒపెరాలో అన్ని రకాల కచేరీలూ జరుగుతాయి, వెనక వరస టిక్కెట్ ఒక్కోసారి బ్రంచ్ కన్నా చవకే.

ఆఫీసులో ఒంటరైపోతానన్న భయం గురించి: వాళ్ళు పిలిచినప్పుడల్లా వెళ్ళడం ఒక్కటే స్నేహం కాదు, మీరూ పిలవండి. ఒక శనివారం పొద్దున్నే నలుగురినీ దుబాయ్ కరామా పేటలో మన హోటల్‌కి తీసుకెళ్ళి పెసరట్టు ఉప్మా పెట్టించండి. నలుగురికీ కలిపినా ఒకరి బ్రంచ్ డబ్బు అవ్వదు. ఇంగ్లండ్ మనిషి అల్లం పచ్చడికి ఏమంటాడో చూడాలని నాకూ ఉంది.

ఇక అమ్మగారు. ఇది అన్నిటికన్నా కష్టం, తొందరపడి రెండు ముక్కల్లో చెప్పలేను. మీకు గ్లాసంటే శనివారం, పియానో, ఆఫీసు స్నేహితులు. ఆమె తరానికి అది సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు, అది రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. అప్పటికి మీ అమ్మగారికి ఇరవై, పాతికేళ్ళు ఉంటాయి. మీ వీధిలోనే తాగి కొట్టినవాళ్ళనీ, పుస్తె అమ్మినవాళ్ళనీ ఆమె చూసే ఉంటారు. "ఏటమ్మా ఆ గ్లాసులు?" అన్నప్పుడు ఆమె కళ్ళముందు మెదిలింది ఆ ఇళ్ళు. మిమ్మల్ని తప్పు పట్టడం కన్నా అందులో భయమే ఎక్కువ ఉంది.

ఇందులో అన్యాయం లేదని నేననను. మన ఊరి పెళ్ళిళ్ళలో మగవాళ్ళు కారు డిక్కీ దగ్గర చేరి ఏం చేస్తారో అందరికీ తెలుసు, ఆ ఫోటోలు ఏ పిన్నీ ఏ అక్కకీ పంపదు. నిజమే. కానీ ఆ వాదన అమ్మ దగ్గర మొదలుపెట్టకండి. ఆమె ఆ రూలు రాయలేదు, దాని కింద బతికారు. అలాగే మన కాలేజీ మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు పారశీక కవి ఉమర్ ఖయ్యాం మధుపాత్రల పద్యాలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారన్న సంగతి కూడా ఈ గొడవలో వాడకండి. మంచి సంగతే, కానీ అమ్మ ముందు అతితెలివిగా కనిపిస్తుంది.

ఫోన్ ఎప్పుడు చేస్తున్నారో చూసుకోండి. మనకీ దుబాయ్‌కీ గంటన్నర తేడా. విజయనగరంలో సాయంత్రం నాలుగైతే, అమ్మ పని తెమిలి ఫోన్ దగ్గర కూర్చునే వేళకి, మీకక్కడ రెండున్నర, బ్రంచ్ మధ్యలో ఉంటారు. ఆ హోరులో ఎత్తి "తర్వాత చేస్తానమ్మా" అంటే ఆమెకి వినపడేది హోరే. శనివారం పొద్దున్న, బయల్దేరకముందే బోటిమ్ యాప్‌లో మీరే కాల్ చెయ్యండి. ఈ సంగతి ఎత్తేది మీరే కావాలి. "ఆ రోజు రెండు గ్లాసులు తాగానమ్మా. అక్కడ పాటలు వినడానికి వెళ్తున్నాను. ఇకనుంచి తాగకుండానే వెళ్తాను" అనో, "ఎప్పుడైనా ఒకటి తాగుతానేమో, అంతకు మించి వెళ్ళను" అనో, ఏది నిజమైతే అది. చెయ్యలేని మాట ఇవ్వకండి. 29 ఏళ్ళ మనిషి అమ్మ అనుమతి అడగాల్సిన పని లేదు. అబద్ధం ఆడితే మాత్రం ప్రతి శనివారం దాన్ని మోసుకుంటూ బ్యాండ్ ముందు కూర్చోవాలి.

ఆ తర్వాత బ్యాండ్‌వాళ్ళని అడిగి ఒక సోలో రికార్డు చేసి పంపండి. ఫోటో వద్దు, పాట పంపండి. మిమ్మల్ని కాలేజీకి తీసుకెళ్ళి బయట కూర్చుని క్లాసు అయ్యేదాకా కాచుకున్నది ఆమే అయితే, ఆమె చెవిలోనూ ఎంతో కొంత సంగీతం ఉండే ఉంటుంది. మొదటిసారి ఏమీ అనకపోవచ్చు. రెండు నెలలు పట్టినా పట్టొచ్చు. వారం వారం చేస్తూ ఉండండి.

పిన్నికి మాత్రం మీరు ఏ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. వాట్సాప్ స్టేటస్ ఎవరికి కనపడాలో ఎంచుకునే వీలు సెట్టింగ్స్‌లోనే ఉంది. ముందు అమ్మతో మాట్లాడండి, ఆ తర్వాత పిన్ని పేరు తీసెయ్యండి.